పై బల్ల మీది ఇనుప పెట్టె

మా అక్క దవడ విరగ్గొట్టిన రైలు ప్రమాదం గురించి ఏ పత్రికలోనూ రాలేదు. ఒక్కరూ చనిపోలేదు, ఒక్క బోగీ పట్టాలు తప్పలేదు, రాయడానికేమీ లేదనుకుని ఉంటారు. బీదర్‌కు ఇవతల ఒక చిన్న స్టేషన్లో ఆగి ఉన్న మా పాసింజరును, పక్కన నిలిపి ఉంచిన ఖాళీ గూడ్సు వ్యాగన్లు వాటంతటవే దొర్లుకుంటూ వచ్చి వెనక నుంచి గుద్దాయి. అంతే. దూరం నుంచి చూసినవాళ్లకు బండి ఒక్కసారి ఉలిక్కిపడి మళ్లీ నిలబడినట్టు కనిపించి ఉంటుంది. లోపల కూర్చున్న మాకు అలా లేదు.

అప్పటికింకా మాది మైసూరు రాష్ట్రం. నేను బీదర్లో కాపురం ఉంటూ ఇంట్లోనే కుట్టుమిషను పెట్టుకుని రవికలు కుట్టేదాన్ని. అక్క బీదర్ దగ్గరి మన్నాఏఖేళ్ళి ఊళ్లో ఉండేది. బావ సేద్యం చేస్తే, పండిన మిరపకాయలు, అల్లం తీసుకొచ్చి అక్క సంతలో అమ్మేది. సంతలో ఆమె ఎక్కడ కూర్చుందో ఎవరూ వెతుక్కోనక్కర్లేదు, గొంతు వినబడేది. తెలుగులో మొదలుపెట్టి, కొనేవాళ్లను బట్టి కన్నడంలోకో ఉర్దూలోకో మారి, బేరం తెగేసరికి మళ్లీ తెలుగులోకి వచ్చేది. కొననివాళ్లు కూడా ఆమె మాటలకు నవ్వుకుంటూ పోయేవారు. నేను చిన్నప్పటి నుంచీ నోట్లోంచి మాట రానిదాన్ని. నా పెళ్లిచూపుల్లో కూడా అడిగినవాటికన్నిటికీ జవాబు చెప్పింది అక్కే.

ఆ రోజు మేమిద్దరం వికారాబాద్ నుంచి వస్తున్నాం. మా చిన్నమ్మ క్షయతో అక్కడి గుట్ట మీది దవాఖానాలో ఉండేది. ఆమెను చూసి, మధ్యాహ్నం బీదర్ పాసింజరులో మూడో తరగతి ఎక్కాం. చెక్కబల్లల బోగీ. నేను కిటికీ పక్కన, అక్క నా పక్కన. మా నెత్తి మీద సామాను పెట్టుకునే పై బల్ల.

బండి కదలబోతుండగా ఒక మనిషి కూలివాడి చేత ఇనుప పెట్టె మోయించుకుంటూ ఎక్కాడు. మనిషి దిట్టంగా, తెల్లటి ధోవతిలో ఉన్నాడు. బీదర్ బజార్లో ఇనుప సామాన్ల దుకాణం ఆయనది. పేరు తెలియకపోయినా, ముఖం తెలుసు. పెట్టె నిండా తాళాలు, తలుపుల మడతబందులు, గడియలు. కూలివాడు దాన్ని నేల మీద దించబోతే వద్దన్నాడు. పైకెత్తమన్నాడు. సరిగ్గా అక్క తల మీదికి.

"అన్నా, గంత బరువు పైన పెట్టకు. కింద పెట్టు," అంది అక్క.

"కింద పెడితే నేను కాళ్లు యాడ సాపుకోవాలె?" అన్నాడాయన.

"నీ కాళ్లు సాపుకునేటందుకు మా నెత్తి మీద పెడ్తవా? బండి జర ఊగితే వడ్తది."

"ఇన్నేండ్ల సంది పెడ్తున్న, ఒక్కసారన్న వడ్డదా? నీకేం పరేషాన్ లేదు, కూసో అక్కా."

"పడ్డంక ఎవరికి చెప్పుకోవాలె?"

"రైలోళ్లకు చెప్పుకో," అని ఆయన నవ్వితే, బోగీలో ఇంకో ఇద్దరు ముగ్గురు కూడా నవ్వారు. అక్క లేచి వేరే చోట కూర్చుందామని చుట్టూ చూసింది. ఖాళీ లేదు. పెట్టె అంచు బల్ల దాటి కొంచెం బయటికి వచ్చి ఉంది. నాకది బాగా కనిపించింది. కూలివాడు దాన్ని లోపలికి నెట్టబోయి, చేతకాక దిగిపోయాడు. సావుకారు ఎదురు బల్ల మీద కూర్చుని, కాళ్లు చాపుకుని, తువ్వాలు ముఖం మీద కప్పుకున్నాడు.

ఆ చిన్న స్టేషన్లో మా బండి ఆగింది. ఎదురు బండి రావాలన్నారు. కొందరు దిగి వేపచెట్టు కింద బీడీలు కాలుస్తున్నారు. ఒకాయన గుమ్మంలో కూర్చుని కాళ్లు ప్లాట్‌ఫారం వైపు వేలాడేశాడు. మా ఎదుటి మూలన ఒకావిడ ఇత్తడి చెంబెత్తి నీళ్లు తాగుతోంది. అక్క నాతో చిన్నమ్మ సంగతేదో చెబుతోంది.

దెబ్బ వెనక నుంచి తగిలింది. చప్పుడు పెద్దగా లేదు. నేను ముందుకు తూలి ఎదుటి బల్ల మీద పడ్డాను. లేచి చూసేసరికి అక్క నేల మీద ఉంది. పెట్టె ఆమె ముఖం పక్కన, మూత తెరుచుకుని ఉంది. అక్క గడ్డం ఉండాల్సిన చోట లేదు. నోట్లోంచి, చెవిలోంచి రక్తం. గుమ్మంలో కూర్చున్నాయన పాదం మెట్టుకూ ప్లాట్‌ఫారానికీ మధ్య నలిగి కేకలు వేస్తున్నాడు. చెంబు ఎత్తినావిడ ముందు పళ్లు ఊడి ఒళ్లో పడ్డాయి. నిలబడి ఉన్నవాళ్లలో ఒకరి నుదురు చీలింది. అంత నెమ్మదిగా వచ్చిన వ్యాగన్లు చేసిన పని అది. సరిగ్గా కూర్చుని, నెత్తి మీద ఏమీ లేనివాళ్లకు గీత కూడా పడలేదు.

సావుకారుకు ఏమీ కాలేదు. ఆయన లేచాడు. అక్క దగ్గరికి వచ్చి వంగాడు. ఎత్తడానికే వంగుతున్నాడనుకుని నేను అక్క కాళ్లు పట్టుకున్నాను. ఆయన తాళాలు ఏరుతున్నాడు. నేల మీద చెల్లాచెదరైన తాళాలు, బందులు ఒక్కొక్కటీ తీసి పెట్టెలో వేసుకుంటున్నాడు. అక్క జుట్టు కింద ఒక తాళాల గుత్తి ఇరుక్కుంది. తల పక్కకు జరిపి దాన్ని లాగి, తువ్వాలుకు తుడిచి, లోపల వేసుకున్నాడు. మూత పడలేదు. తాడుతో కట్టుకుని, కిందికి దించుకుని, రోడ్డు మీద పోతున్న లారీ ఆపి వెళ్లిపోయాడు.

ఆ గుత్తి లాగడం నేను చూశాను. పెట్టె పెట్టినందుకు కాదు, పెట్టె పడినందుకు కూడా కాదు, ఆ చేయి అక్క జుట్టులోకి వెళ్లి వచ్చినందుకు ఆయన్ని వదలకూడదని అక్కడే అనుకున్నాను.

బీదర్ దవాఖానాలో అక్క దవడకు తీగలు కట్టారు. చాలా కాలం నోరు తెరవలేదు. పళ్ల సందుల్లోంచి గంజి, పాలు పోసేదాన్ని. తీగలు విప్పాక కూడా నోరు ఒక వేలు పట్టేంతే తెరుచుకునేది. ముఖం ఒక వైపుకి జరిగిపోయింది. మాట వచ్చింది కానీ, అది మాటలా లేదు. నోట్లో గుడ్డలు కుక్కుకున్నట్టు వచ్చేది. నాకు తప్ప ఎవరికీ అర్థమయ్యేది కాదు. బావకు కూడా సగమే తెలిసేది. ఒకసారి సంతకు వెళ్లి మిరపకాయలు పోసుకుని కూర్చుంది. కొనడానికి వచ్చినవాళ్లు ధర అడిగి, జవాబు అర్థం కాక, జాలిగా చూసి పక్క గంపకు వెళ్లారు. మళ్లీ వెళ్లలేదు.

రైలు మనుషులు వచ్చి వివరాలు రాసుకున్నారు. నిలిపిన వ్యాగన్ల చక్రాల కింద అడ్డు చెక్క పెట్టలేదని, గొలుసు వేయలేదని వాళ్ల మాటల్లో తెలిసింది. ఆ చెక్క పెట్టాల్సినవాడు ఎవరో నాకు ఎవరూ చెప్పలేదు. తెలిసి ఉంటే వాడినీ వదిలేదాన్ని కాదు. తర్వాత ఆ స్టేషన్ మీదుగా పోయిన ప్రతిసారీ కిటికీలోంచి చూసేదాన్ని. పక్కన నిలిపిన వ్యాగన్లకు చక్రానికి గొలుసు, గొలుసుకు తాళం. అది చూస్తే నాకు ఊరట కలగలేదు, ఒళ్లు మండేది. ముందే ఎందుకు వేయలేదు?

అక్క కోలుకున్నాక ఆమెను తీసుకుని సావుకారు దుకాణానికి వెళ్లాను. జీవితంలో మొదటిసారి నలుగురిలో నోరు తెరిచాను.

"మా అక్క మూతి చూడు," అన్నాను. "నీ పెట్టె చేసిన పని."

ఆయన తలెత్తి చూశాడు. గుర్తుపట్టాడు. "రైలు గుద్దిందమ్మా. నేను గుద్దిన్నా? నన్నెందుకు అడుగుతవు?"

"పైన పెట్టకని చెప్పింది. నువ్వు నవ్వినవు."

"అందరు పెడ్తరు. నేనొక్కన్నే పెట్టిన్నా? పో, రైలోళ్లను అడుగు. దుకాణం ముంగట తమాషా చేయకు."

చుట్టూ ఉన్నవాళ్లు ఆయన మాటే నిజమన్నట్టు తలూపారు. ఒకాయన నన్ను దయగా చూస్తూ, "పోనీయ్ చెల్లె, నసీబు గట్లుంది," అన్నాడు. అక్కణ్నుంచి పోలీసు ఠాణాకు వెళితే, వాళ్లూ కన్నడంలో అదే చెప్పారు. అక్క నా చెయ్యి పట్టి లాగింది, పోదాం పదమని. ఇంటికి వచ్చాక అక్క ఏడ్చింది. నేను ఏడవలేదు. మిషను ముందు కూర్చుని, ఆయన బీదర్ నుంచి హైదరాబాద్‌కు సరుకు కోసం ఎప్పుడెప్పుడు పోతాడో ఎలా తెలుసుకోవాలా అని ఆలోచించాను.

తెలుసుకోవడం కష్టం కాలేదు. బీదర్ స్టేషన్లో ఆయన పెట్టె మోసే కూలివాడి భార్య నా దగ్గర రవికలు కుట్టించుకునేది. నాకూ దారం, గుండీలు, అస్తరు గుడ్డ కోసం హైదరాబాద్ పోవాల్సిన పని ఉండేది. అక్కను బీదర్‌కు రప్పించి తోడు తీసుకెళ్లాను. తిరుగు ప్రయాణంలో వికారాబాద్‌లో బండి మారేటప్పుడు ఆయన ఎక్కిన బోగీలోనే ఎక్కాం. ఆయన ఎప్పటిలాగే పెట్టె పైకెత్తించాడు. ఈసారి దాని కింద కూర్చున్నది ఎవరో ముసలి దంపతులు.

నేను లేచి నిలబడ్డాను.

"అందరు ఒక్కసారి ఇటు చూడుండ్రి. ఈమె మా అక్క. ఈ అన్న పెట్టె పైన పెడితే, బండి జర ఊగింది. పెట్టె వచ్చి మూతి మీద వడ్డది. ఈ అన్న దిగి తాళాలు ఏరుకున్నడు, మనిషిని ఎత్తలే. ఇప్పుడు గదే పెట్టె మీ నెత్తి మీద ఉంది."

అక్క తలమీది కొంగు తీసి ముఖం చూపించింది. నేను చెప్పమనలేదు, తనే తీసింది. ముసలావిడ అమ్మో అని లేచింది. ముసలాయన సావుకారును చూసి, "కింద పెట్టు నాయనా, నీకు పుణ్యముంటది," అన్నాడు. సావుకారు ముఖం ఎర్రబడింది. పెట్టె కిందికి దించాడు. బీదర్ దాకా కాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు. ఆయన మోకాళ్లు నొప్పి పెడుతున్నాయని తెలుస్తూనే ఉంది. నేను ఆ మోకాళ్లనే చూస్తూ కూర్చున్నాను. అంత తృప్తిగా నేనెప్పుడూ ప్రయాణం చేయలేదు.

తర్వాత అది నాకు అలవాటైపోయింది. ఆయన బోగీ మార్చితే మేమూ మార్చాం. పోయే రోజు మార్చితే కూలివాడి భార్య చెప్పేది. కొన్నాళ్లు బస్సులో పోయాడు. అంత ఇనుము బస్సు మీద వేసుకుని జహీరాబాద్ దారి గుంటల్లో తిరిగి వస్తే నడుం పట్టేసిందని విన్నాను. ఆ వేళ ఇంట్లో పాయసం చేశాను. మా ఆయన ఏమిటి విశేషమని అడిగితే చెప్పలేదు.

మళ్లీ రైలుకే వచ్చాడు. ఇప్పుడు పెట్టె ఎప్పుడూ కిందే పెట్టేవాడు. అయినా నేను లేచి చెప్పేదాన్ని. పెట్టె కిందే ఉంది కదా, ఇంకెందుకు చెబుతున్నావని ఒకరిద్దరు అన్నారు. చెప్పడం నాకిష్టం కాబట్టి చెప్పాను. నేను మాట్లాడుతుంటే ఆయన కిటికీ బయటికి చూసేవాడు, చెవులు ఎర్రగా అయ్యేవి.

దీనివల్ల అనుకోనిది ఒకటి జరిగింది. ఆ బండిలో తరచూ తిరిగేవాళ్లు మమ్మల్ని చూడగానే మూటలు, డబ్బాలు, పాల క్యాన్లు కిందికి దించడం మొదలుపెట్టారు. గుమ్మంలో కాళ్లు వేలాడేసినవాళ్లు లోపలికి జరిగేవారు, ఎందుకంటే నేను పాదం నలిగినాయన సంగతి కూడా చెప్పేదాన్ని. బండి ఆగేటప్పుడు, కదిలేటప్పుడు నిలబడవద్దని, నిలబడితే గట్టిగా పట్టుకోమని, పిల్లలను బల్ల చివర కూర్చోబెట్టవద్దని తల్లులు తమలో తాము చెప్పుకోవడం విన్నాను. ఒక టికెట్ కలెక్టరు నన్ను మెచ్చుకుని, ప్రజాసేవ చేస్తున్నావమ్మా అన్నాడు. నాకు ప్రజలతో పనిలేదు. నాకు కావలసినవాడు ఒక్కడే. మిగిలినవాళ్లు బాగుపడితే పడనీ.

రాష్ట్రం పేరు కర్ణాటకగా మారిన తర్వాతి సంగతి ఇది. ఒక వేసవిలో ఆయనను మా బోగీలోనే చూశాం. ఆయన ముందే ఎక్కి, బల్ల మీద కూర్చుని నిద్రపోతున్నాడు. ఆయన పెట్టె కాళ్ల దగ్గరే ఉంది. కానీ ఆయన నెత్తి మీద, పై బల్ల అంచున, ఇంకెవరిదో తిరగలి. గోనెసంచిలో రెండు రాళ్లూ కట్టి ఉన్నాయి. సంచి సగం బయటికి వేలాడుతోంది. ఎవరు పెట్టారో, ఆ మనిషి ఎక్కడున్నాడో తెలియదు.

అక్క చూసింది. నా మోచేయి గిల్లి, "లేపు," అంది. ఆమె మాట నాకు తప్ప ఎవరికి అర్థమవుతుంది?

"లేప," అన్నాను.

అక్క మళ్లీ లేపమంది. నేను కదలలేదు. అక్క తనే లేవబోతే కొంగు పట్టుకుని కూర్చోబెట్టాను. బండి కదిలింది. ప్రతి స్టేషన్లో డ్రైవరు బ్రేకు వేసినప్పుడల్లా సంచి ముందుకు వచ్చి, మళ్లీ వెనక్కి పోయేది. నేను ఒకసారి సంచిని, ఒకసారి ఆయన నెత్తిని చూస్తూ కూర్చున్నాను. పడాలని కోరుకున్నానా అంటే, కోరుకున్నాను. అందులో దాచేదేమీ లేదు.

పడలేదు. బీదర్ దగ్గరపడుతుండగా ఆయనకు మెలకువ వచ్చింది. మొదట ఎదురుగా నన్ను చూశాడు. నేను లేచి ఉపన్యాసం మొదలుపెడతానేమోనని భయపడ్డట్టున్నాడు. నేను మాట్లాడలేదు. నా కళ్లు ఎక్కడ ఉన్నాయో చూసి, తనూ తల పైకెత్తాడు. అలాగే బిగుసుకుపోయాడు. తర్వాత మెల్లగా పక్కకు జరిగి, గోడకు ఆనుకుని, స్టేషన్ వచ్చేదాకా పైకే చూస్తూ నిలబడ్డాడు.

రెండు మూడు రోజులకు మా ఇంటికి వచ్చాడు. అక్క అప్పుడు మా ఇంట్లోనే ఉంది. నేను మిషను దగ్గర నుంచి లేవలేదు. ఆయన గడప దగ్గరే నిలబడ్డాడు.

"నువ్వు నన్ను లేపలే," అన్నాడు.

"లేపలే."

"వడ్తె సచ్చిపోయేటోన్ని."

"ఎరికే."

తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. తర్వాత, "నిద్ర వడ్తలే నాకు. కండ్లు మూస్తే నెత్తి మీద ఏదో ఉన్నట్టే ఉంది," అన్నాడు. "ఇగ సాలియ్యమ్మా. బజార్ల నన్ను పేరుతోని పిలుస్తలేరు, పెట్టె సావుకారంటున్నరు. నీ కాళ్లు మొక్కుతా."

"నా కాళ్లెందుకు? నా మూతి బాగనే ఉంది."

ఆయన అక్క వైపు తిరిగాడు. అక్క ఆయన్నే చూస్తూ ఏదో అంది. ఆయనకు అర్థం కాలేదు. నా వైపు చూశాడు.

"ఏమంటుంది?"

"మొక్కుడు వద్దంట. బండ్ల అందరి ముంగట నీ నోటితోనే చెప్పుమంటుంది. నేను ఇన్నేండ్లు చెప్పిన ముచ్చట నువ్వు చెప్పాలె."

ఆయన ముఖం చిన్నబోయింది. "ఇజ్జత్ పోతది."

"మా అక్క మాట పోయింది," అన్నాను.

వస్తానన్నాడు. ఆ వారమే ముగ్గురం వికారాబాద్‌లో పాసింజరు ఎక్కాం. బండి కదిలింది. ఆయన లేచాడు. గొంతు సవరించుకున్నాడు. బోగీలో సగం మంది మమ్మల్ని ఎరిగినవాళ్లే. ఏం జరుగుతుందోనని చూస్తున్నారు.

"ఈ అక్క... ఈ అక్క దవడ నా పెట్టె వడి విరిగింది," అన్నాడు. "వద్దంటె కూడ పైన పెట్టిన."

ఎంత నెమ్మదిగా చెప్పాడంటే, పక్క బల్లకు కూడా వినిపించలేదు. అక్క ఏదో అంది.

"వినబడలేదంట," అన్నాను నేను. "మళ్ల చెప్పు."

మళ్లీ చెప్పాడు, కొంచెం గట్టిగా. అక్క మళ్లీ అంది.

"తాళాలు ఏరుకున్నది చెప్పలేదంట."

ఆయన నన్ను చూసిన చూపు నాకింకా గుర్తుంది. కోపమో, వేడుకోలో తెలియదు. కానీ చెప్పాడు. "మనిషి కింద వడి ఉంటే ఎత్తలే. తాళాలు ఏరుకున్న. ఆమె ఎంటికల కిందికెళ్లి గుత్తి గుంజుకున్న," అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ఒక మూల నుంచి ఒక ఆడమనిషి, "థూ," అంది. ఆయన అది విన్నాడు. నేనూ విన్నాను.

ప్రతి పెద్ద స్టేషన్లో దించి, పక్క బోగీ ఎక్కించి, మళ్లీ చెప్పించాం. జహీరాబాద్ దాటాక అక్క నా చేయి మీద చేయి వేసి చాలంది. నేను ఇంకో బోగీ ఉందన్నాను. అక్క ఆయన్ని కూర్చోమని సైగ చేసింది. ఆయన కూర్చుని తలపట్టుకున్నాడు. అక్క బీదర్ దాకా కిటికీ బయటికే చూస్తూ కూర్చుంది.

ఆ తర్వాత అక్క నాతో ఆ బండి ఎక్కలేదు. తన కడుపు మంట చల్లారిందని చెప్పింది. మన్నాఏఖేళ్ళి వెళ్లి మళ్లీ మిరపకాయల గంప పెట్టింది. ఈసారి ధర బలపంతో పలక మీద రాసుకుని ఎదురుగా నిలబెట్టుకుంది. సంతలో జనం మెల్లగా ఆమె మాట అర్థం చేసుకోవడం నేర్చుకున్నారు. మునుపటిలా కాదు గానీ, బేరాలు చేసింది.

నాది చల్లారలేదు. సావుకారు చనిపోయాడని తెలిసినప్పుడు అక్క పరామర్శకు వెళ్లివచ్చింది. నేను వెళ్లలేదు. అక్క తిరిగి వచ్చి, ఆయన భార్య తనకు చాయ్ పోసిందని చెబితే, ఆ కబురు వినకుండా మిషను తొక్కాను.

ఇప్పటికీ రైలెక్కితే ముందు పైకే చూస్తాను. మొన్న హైదరాబాద్ నుంచి వస్తుంటే, ఒక కొత్త జంట ఎక్కింది. పెళ్లికొడుకు పెద్ద స్టీలు బిందెల మూట పైకెత్తబోతున్నాడు. నేను లేచి నిలబడి, నడుం మీద చేయి వేసుకుని, "కింద పెట్టు నాయనా, పడ్తది," అన్నాను. ఎదురు చెబుతాడని, నవ్వుతాడని, నేను అక్క కథ మొదలుపెట్టవచ్చని సిద్ధంగా ఉన్నాను.

"సరే అమ్మా," అని ఆ అబ్బాయి మూటను బల్ల కిందికి తోసి, కూర్చున్నాడు. నడుం మీంచి చేయి తీసి నేనూ కూర్చున్నాను. నిజం చెప్పాలంటే, కొంచెం నిరాశగా ఉండింది.